ముందే చూసిన ఆరు భాగాలు

మా క్యాంపులో తీగ ఉన్న ప్రతి వస్తువూ నా నెత్తినే. ఏసీ చల్లబడకపోయినా, గీజరు కాలకపోయినా, వంటగదిలో పెద్ద ఫ్రిజ్ మూలిగినా నన్నే పిలుస్తారు. జగిత్యాల నుంచి నేను వచ్చింది ఏసీ మెకానిక్‌గా. నా ఇకామా మీద, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు మీద, రాసి ఉన్నదీ అదే. కానీ సౌదీలో తాయిఫ్ కొండల్లో సొరంగం తవ్వే చైనా కంపెనీ క్యాంపులో ఇకామా మీద ఏం రాసి ఉందో ఎవడు చూస్తాడు? వైఫై డబ్బాకు కూడా తీగ ఉంది కాబట్టి అదీ నాకే చుట్టారు. దానికి జీతం పెంచమంటే మేనేజరు నవ్వి భుజం తట్టేవాడు. ఆ తట్టుడుకే నాకు సగం ఒళ్లు మండేది.

అందుకని ఒక మధ్యాహ్నం నేను అన్నం కలుపుకుంటుండగా మాస్టర్ వచ్చి గుమ్మంలో నిలబడి "ఇంటర్నెట్ మాఫీ" అన్నప్పుడు లేవదలచుకోలేదు. మాఫీ అంటే లేదని. ఇక్కడ అడుగుపెట్టిన ప్రతివాడికీ మొదట వచ్చే అరబ్బీ ముక్క అదే. ఇంటర్నెట్ ఎందుకు లేదు, నా ఫోనులో మా ఊరి పెళ్లి వీడియో సుబ్బరంగా ఆడుతోంది. చేత్తోనే తర్వాత రమ్మని సైగ చేశాను. ఆయన కదల్లేదు.

మాస్టర్ అంటే సొరంగం తవ్వే యంత్రాన్ని బాగుచేసే పెద్ద మెకానిక్. చైనా వాళ్లు పనిమంతుణ్ణి ఏదో గౌరవంగా పిలుస్తారు, మేమంతా దాన్ని మాస్టర్ చేసేశాం. యాభై దాటిన మనిషి. మెడ దాకా గుండీలు పెట్టుకుంటాడు, చంకలో వేన్నీళ్ల ఫ్లాస్కు లేకుండా కనబడడు. అంత యంత్రం ఆగిపోయి మేనేజర్లు జుట్టు పీక్కుంటున్నా చెమట పట్టని ఆ మనిషి, ఆ రోజు పై గుండీ ఊడి, ఫ్లాస్కు లేకుండా నిలబడ్డాడు. అది చూసి నాకే భయమేసి కంచం పక్కన పెట్టాను.

మా ఇద్దరి మధ్య భాష ఆయన ఫోను. ఆయన చైనా భాషలో చెబితే అది తెలుగులో పలుకుతుంది. పలికే గొంతు ఎవరో ఆడమనిషిది, వార్తలు చదివినట్టు ఉంటుంది. మా మాస్టర్ ఏది అన్నా అది గ్రాంథికంలోకి ఎక్కించి మరీ చెబుతుంది. ఆ రోజు అది అన్న మాట: "గౌరవనీయ మిత్రమా, నా భార్య నన్ను గృహం నుండి తొలగించింది."

సౌదీలో ఉన్నవాణ్ణి చైనాలో ఉన్న ఇంట్లోంచి తొలగించడం ఏమిటో నాకు అంతుపట్టలేదు. కూర్చోబెట్టి, చల్ల పోసి, మొత్తం కథ విన్నాను.

ఆ కథ అర్థం కావాలంటే వాళ్ల అలవాటు చెప్పాలి. మాస్టర్ తెల్లవారుజాము డ్యూటీ అడిగి మరీ వేయించుకున్నాడు. ఎందుకయ్యా అంటే, మధ్యాహ్నం రెండింటికి దిగిపోతే మూడింటికి గదిలో ఉండొచ్చు. ఇక్కడ మూడైతే వాళ్లింట్లో రాత్రి ఎనిమిది. సరిగ్గా ఆ వేళకు అక్కడ భార్య టీవీ పెడుతుంది, ఇక్కడ ఈయన మంచం మీద ఫోను నిలబెడతాడు. నిలబెట్టడానికి పైపు ముక్క కోసి స్టాండు చేసిచ్చింది కూడా నేనే. ఇద్దరూ ఒకే సీరియల్‌లో ఒకే భాగం ఒకే నిమిషంలో చూస్తారు. ఒక రాజు, ఇద్దరు రాణులు, ఎవరో ఒకరు గిన్నెలో విషం కలుపుతూ ఉంటారు. యాప్ ఒకటే, ఖాతా ఒకటే. ఖాతా ఆమె పేరున ఉంది, చందా కూడా ఇంటి బ్యాంకు నుంచి ఆమే కడుతుంది. జీతం సగం అక్కడే పడుతుంది కదా, కార్డు ఆమె దగ్గరే.

మొదటిసారి ఆ ఫోను చూసినప్పుడు తెర పాడైందనుకున్నాను. రాజు ముఖం మీంచి అక్షరాలు వరసలు వరసలుగా ఆ చివర నుంచి ఈ చివరకు పరిగెడుతున్నాయి. పాడు కాదట. చూసేవాళ్లు ఆ క్షణంలో తోచింది రాస్తే అది బొమ్మ మీంచి అందరికీ అలా పోతుందట. ఈ రోజు రాసింది వచ్చే ఏడాది చూసేవాడికి కూడా అదే క్షణంలో కనబడుతుందట. మా జగిత్యాల టాకీసులో నేల టికెట్టు వాళ్లు తెర మీద విలన్‌కు పెట్టే తిట్లన్నీ ఎవరో రాసి దాచినట్టన్నమాట. ఇదేదో బాగానే ఉందనిపించింది.

మాస్టరూ ఆయన భార్యా మాట్లాడుకునేది అక్కడే. లక్షమంది తిట్ల మధ్య తమ మాట గుర్తుపట్టడానికి ముందు ఒక చిన్న మిరపకాయ బొమ్మ పెడతారు. వాళ్లది కారం తినే ఊరు. రాజు గొంతు మీద కత్తి పెట్టిన చోట ఆవిడ మిరపకాయ వేసి, పైఅంతస్తు వాళ్ల నల్లా కారి మన గోడ తడిసింది అని రాస్తుంది. రాణి ఏడుస్తుంటే ఈయన మిరపకాయ వేసి, కొత్త చొక్కా బిగుతైంది అంటాడు. ఫోన్ చేసుకోవచ్చు కదా అని అడిగాను ఒకసారి. ఫోన్ చేస్తే తిన్నావా, తిన్నాను, ఆ తర్వాత ఏముండదట. సీరియల్ మధ్యలోనైతే మాట దానంతట అదే పుడుతుందట. నేను నవ్వాను గానీ, మా ఇంటికి ఫోన్ చేసినప్పుడు నాదీ అదే గతి.

ఇక ఆయన చేసిన నేరం. సీరియల్ చివరకొచ్చింది. రోజుకొక భాగం చొప్పున ఇంకా ఆరున్నాయి. ఆగలేనివాళ్లు చందా మీద ఇంకాస్త కడితే ఆ ఆరూ ముందే చూపిస్తామని యాప్ ఆశ పెట్టింది. ఒక శుక్రవారం సెలవు, బయట ఇసుకగాలి, గదిలో ఒక్కడే. మాస్టర్ వేలు జారింది. జారిందని ఆయన అన్నాడు. నొక్కాడని నేనంటాను. ఆరు భాగాలూ ఒక్క బిగిన చూసేశాడు. రాజు ఎలా పోయాడో, ఏ రాణి గెలిచిందో అంతా అయిపోయింది.

సాయంత్రం అక్కడ ఆవిడ టీవీ పెట్టింది. ఒకే ఖాతా కదా, ఎవరు ఎంతవరకు చూశారో టీవీ గీత గీసి చూపిస్తుంది. చివరి ఆరు భాగాల కిందా ఎర్రగీత ఆ చివరిదాకా ఉంది. ఇదేమిటని ఆమె అడిగింది. అప్పుడైనా ఒప్పుకుంటే పోయేది. ఈ మహానుభావుడు ఏం చెప్పాడో తెలుసా? ఇక్కడ ఇంటర్నెట్ చూసే ఇండియన్ ఒకడున్నాడు, వాడు ఫోను బాగుచేస్తూ ఏదో నొక్కి అన్నీ చూసేశాడు అని చెప్పాడు.

ఆ మాట ఫోను గ్రాంథికంలో చెబుతుంటే నాకు నిప్పు అంటుకున్నట్టయింది. నేనా! నాకు ఆ భాషలో ఒక్క ముక్క రాదు, ఆ రాజు ఎవడో తెలియదు, కూర్చుని ఆరు భాగాలు చూశానట. ఎక్కడో చైనాలో ఒక ఇల్లాలి ముందు నా పరువు తీసి, మళ్లీ నా గుమ్మంలోకే వచ్చి మిత్రమా అంటాడా? చల్ల గ్లాసు లాక్కుందామనుకున్నాను, అప్పటికే తాగేశాడు.

ఆమె ఇండియన్ కథ నమ్మిందో లేదో తెలియదు. ఏమీ తిట్టలేదట. ఖాతాలోంచి ఆయన ఫోను తీసేసింది, చాట్‌లో బ్లాక్ చేసి అడ్డుకట్ట వేసింది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. అయిదు రోజుల్లో ఆఖరి భాగం వస్తుంది. ఆమె ఎక్కడ ఉంటుందో ఖాయంగా తెలిసిన చోటు ఈ ప్రపంచంలో అదొక్కటే. ఆ భాగం నడుస్తుండగా ఆ తెర మీదికి తన మాట పంపించాలి. సీరియల్ అయిపోతే ఇక ఆమెకు మాట చేర్చే దారి లేదని మాస్టర్ అన్నాడు. ఆ మాట చెబుతూ ఆయన చంకలో లేని ఫ్లాస్కు తడుముకున్నాడు. నేనూ ఇక గ్లాసు సంగతి వదిలేశాను.

సాయంత్రం అయిదింటికి మా ఆవిడకు ఫోన్ చేశాను. అది అక్కడ ఆమె సీరియల్ వేళ. ఎప్పుడూ ఆ వేళకు చేస్తే ప్రకటనలు వచ్చినప్పుడు చెయ్యమని పెట్టేస్తుంది. ఆ రోజు విషయం సీరియల్ గురించే అనేసరికి టీవీ గొంతు తగ్గించి మరీ విన్నది. మొత్తం విని, చైనా ఆమె మంచి పని చేసిందని తీర్పు చెప్పింది.

"సీరియలే గదనే, ముందు జూసిండు, గదేమన్న తప్పా?" అన్నాను.

"సీరియలే గదా అంటవేంది? ఇద్దరు ఒక్క కంచంల తినుకుంట, ఒక్కడు మొత్తం తిని లేసిపోతే ఎట్లుంటది?" అంది. మళ్లీ తనే, "ఒక్కడు గూసోని జూసిండు గదా, మంచిగనిపించిందా అని అడుగు ఆయన్ను," అంది. అడ్డుకట్ట పెట్టడంలోని కిటుకేదో కూడా అడిగి తెలుసుకుంది, అది నాకంత నచ్చలేదు.

మాస్టర్ కొత్త ఖాతా తెరవడానికి కూర్చున్నాడు. యాప్ తెరవగానే ఈ కార్యక్రమం మీ ప్రాంతంలో లభ్యం కాదని వచ్చింది. ఇన్నాళ్లూ ఎలా వచ్చిందయ్యా అంటే, ఇంటిదారి చూపే ఇంకో యాప్ ఉందట. తాయిఫ్ కొండల మీద ఉన్న ఫోనును, నువ్వు చైనాలోనే ఉన్నావని నమ్మించే యాప్. దాని చందా కూడా భార్యే కట్టేది, అదీ ఆగింది. అలాంటిది మనిషికి కూడా ఉంటే బాగుండునని నాకు ఒక్కసారి గట్టిగా అనిపించింది.

ఇక్కడి బ్యాంకు కార్డు పెట్టి చూశాడు. యాప్ దాన్ని అసలు చూడనట్టే ఊరుకుంది. అప్పుడు ఆయనకు అదే కంపెనీ వాళ్లు బయటి దేశాల వాళ్ల కోసం పెట్టిన ఇంకో యాప్ కనబడింది. అందులో సౌదీ కార్డు టక్కున చెల్లింది. అదే సీరియల్, అదే రాజు. గొప్పగా నాకు చూపించాడు. చూస్తే రాజు ముఖం మీద ఒక్క అక్షరం లేదు. కింద ఇంగ్లీషులో మాటలు తప్ప బొమ్మ కడిగినట్టుంది. ఊళ్లోవాళ్లు రాసేవేవీ ఈ యాప్‌లోకి రావట, ఇక్కడ రాసేవి అక్కడికి పోవట. అన్నీ కట్టి పక్కూరి టాకీసులో కూర్చున్నాడన్నమాట. పెట్టిన డబ్బు వాపసు రాదని కూడా తేలింది.

వాళ్ల చైనా యాప్‌లో కొత్త ఖాతాకు చైనా ఫోను నంబరు కావాలి, దానికి కోడ్ వస్తుంది. మాస్టర్‌కు ఊరి నంబరు ఉంది. సిమ్ ఎక్కడ? ఇంట్లో అల్మరాలో, పాత ఫోనులో, భార్య చేతికింద. కోడ్ పంపించమని నొక్కబోయాడు కూడా, నేను చెయ్యి పట్టుకుని ఆపాను. దొంగ తాళంచెవి కోసం ఇంటివాళ్లనే లేపే పని అది.

ఇక మిగిలింది వంటమాస్టర్. చైనా మెస్‌లో వండే ఈయన దగ్గర రోమింగ్‌లో బతికి ఉన్న ఊరి సిమ్ ఉంది, ఊరి బ్యాంకు కార్డు ఉంది, ఇంటిదారి యాప్ ఉంది. పెద్ద చందా ఒకటి కట్టి అందులో తన మనుషులని నలుగురైదుగురిని చేర్చుకుంటాడు. క్యాంపులో సగం మంది సినిమాలు, ఆటలు, పాటలు ఆయన చేతిమీదుగానే నడుస్తాయి. డబ్బు మాత్రం ముట్టడు. ఒకడు కత్తులు నూరి పెడతాడు, ఒకడు అల్మరా చేసిపెట్టాడు, జుట్టు కత్తిరించేవాడు ఒకడున్నాడు. మాస్టర్ నన్ను వెంటబెట్టుకుని వెళ్లి అడిగితే ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు ఎటు పోతోందో నాకు వెంటనే తెలిసిపోయింది.

పోయిన నెలలో ఫ్రిజ్ చూడటానికి వెళ్లినప్పుడు నా టిఫిన్ డబ్బాలో మా ఆవిడ పెట్టిన మామిడికాయ తొక్కు రుచి చూశాడు. అల్లం ఎల్లిపాయ తొక్కు, పచ్చగా నూనె తేలి ఉంటుంది. అప్పట్నుంచి ఫ్రిజ్ రెండుసార్లు కావాలనే పాడు చేశాడని నా అనుమానం. ఇప్పుడు సీసా మొత్తం అడుగుతున్నాడు. సెలవు నుంచి వచ్చి ఎంతో కాలం కాలేదు, ఆ సీసా మళ్లీ సెలవు దాకా రావాలని లెక్కపెట్టి చెంచాతో తింటున్నాను. ఎవడో సీరియల్ చూస్తే నా తొక్కు పోవడమేమిటి? పైగా చూసింది నేనేనని పేరు కూడా. నాతో కాదని లేచి వచ్చేశాను.

రాత్రి అన్నంలో తొక్కు వేసుకుని మా ఆవిడకు ఫోన్‌లో చూపిస్తూ ఈ అన్యాయం చెప్పాను. నన్ను మెచ్చుకుంటుందనుకుంటే, "సిగ్గు లేదా నీకు, తొక్కు మళ్ల పెడ్త, వాళ్ల సంసారం మళ్ల పెడ్తనా నేను?" అంది. మర్నాడు సీసా తీసుకుపోయి వంటమాస్టర్ ముందు పెట్టాను. నాలుగు ముక్కలు మాత్రం ముందే తీసి దాచుకున్నాను.

ఖాతా వచ్చింది, రంగు అక్షరాలతో రాసే హోదా కూడా వచ్చింది. కానీ తెర మీద మాట వదలాలంటే కొత్తవాళ్లకు పరీక్ష ఉందట. చూసేవాళ్ల మర్యాదల మీద బోలెడు ప్రశ్నలు. మధ్యాహ్నం మెస్‌లో మాస్టర్ కళ్లజోడు పెట్టుకుని ఫోను ముందు కూర్చున్నాడు, చుట్టూ తినేవాళ్లంతా మూగారు. ఒక ప్రశ్నకు అందరూ పొర్లి పొర్లి నవ్వారు. ఏమిటని ఫోనును అడిగితే వార్తల గొంతు చదివింది: "ముగింపును ముందే వీక్షించిన వ్యక్తి ఇతరుల ఎదుట ఎలా ప్రవర్తించవలెను?" మౌనంగా ఉండవలెను అన్నదే సరైన జవాబట. మాస్టర్ చెవులు ఎర్రబడ్డాయి గానీ జవాబు సరిగ్గానే పెట్టి గట్టెక్కాడు.

ఇక ఏం రాయాలి? మాస్టర్ ఒక పేజీ రాసుకొచ్చాడు. ఇసుకగాలి గురించి, ఒంటరితనం గురించి, యాప్ వాళ్ల మోసం గురించి ఉంది. అంత రాస్తే అది తెర దాటేసరికి రాజు చచ్చి దినాలు కూడా అయిపోతాయి. అప్పుడు మా ఆవిడ అడగమన్నది గుర్తొచ్చి ఫోనులో అడిగాను, ఒక్కడే చూస్తే బాగనిపించిందా అని. మాస్టర్ ఫ్లాస్కు మూత తిప్పి మళ్లీ బిగించాడు. ఎక్కడ నవ్వాలో తెలియలేదన్నాడు. అదే రాయమన్నాను.

ఆఖరి భాగం రోజు మూడింటికి మాస్టర్ గదిలో మేం ముగ్గురం. వంటమాస్టర్ గిన్నెలో అన్నం, దాని మీద నా తొక్కు. అది చూడకుండా తెర మీదికి కళ్లు తిప్పుకున్నాను. రాజు మంచాన పడ్డాడు, రాణులు చెరోవైపు నిలబడ్డారు, అక్షరాలు దోమల్లా ముసిరాయి. మాస్టర్ మిరపకాయ వేసి, మాట రాసి, వేలు పైకెత్తాడు. కరెంటు పోయింది.

వారానికొకసారి ఆ వేళకు ఒక జనరేటర్ ఆగి ఇంకొకటి అందుకుంటుంది. ఆ టైము గడియారంలో పెట్టింది నేనే. ఆ ఇద్దరూ నా వైపు చూసిన చూపు జన్మలో మరిచిపోను. పానెల్ దాకా పరిగెత్తితే సీరియలే అయిపోతుంది. నా ఫోనులోంచి నెట్ ఇచ్చాను, మా ఇంటికి వీడియో కాల్ చేసుకోవడానికి దాచుకున్న డేటా అది. ఇంటిదారి యాప్ మళ్లీ దారి వెతుక్కోవడానికి తీసుకున్న సేపు నాకు తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాను. బొమ్మ వచ్చేసరికి రాజు ఆఖరి మాట చెబుతున్నాడు. మాస్టర్ నొక్కాడు.

నారింజ రంగులో, ముందు మిరపకాయతో, మాట తెర మీంచి పోయింది: ముందే చూశాను. ఒక్కడినే చూశాను. ఎక్కడ నవ్వాలో తెలియలేదు. తప్పైంది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత చూసేవాళ్లలో ముక్కూమొహం తెలియని ఎవరో రాశారు, వదినా క్షమించు అని. ఇంకెవరో, క్షమించకు వదినా అని. ఆ తర్వాత ఇక చూడాలి! వదినలతో తెర నిండిపోయింది. రాజు చచ్చిపోవడం ఒక్కడికీ కనబడలేదు. వంటమాస్టర్ ఎముకలన్నీ కదిలేలా నవ్వుతున్నాడు. మాస్టర్ మాత్రం మిరపకాయ కోసం ఆ గుంపంతా వెతుకుతున్నాడు. ముగింపు పాట వచ్చింది, పేర్లు పడుతున్నాయి, అక్షరాలు పలచబడ్డాయి. మిరపకాయ లేదు. ఆయన ఫోను మూయబోతుంటే అట్టడుగున, తెల్ల అక్షరాల్లో, ఒక చిన్న మిరపకాయ వచ్చింది. రోజూ కనబడేదే, కానీ ఫోను మూయనివ్వకుండా నేను ఆయన చెయ్యి పట్టేశాను.

ఫోను చదివింది: "నీవు పారిపోయిన చోటికి తిరిగి వెళ్ళుము. దినమునకు ఒక్క భాగము."

మాస్టర్ వెనక్కి వెళ్లి, ముందే చూసిన ఆరింటిలో మొదటిది తెరిచాడు. ఆయన చూసినప్పుడు ఆ బొమ్మ మీద ఎవరెవరివో మాటలున్నాయి. ఇప్పుడు వాటి మధ్య మిరపకాయలున్నాయి. ఆవిడ ఖాతాలోంచి తీసేసిన రోజున, అడ్డుకట్ట వేసిన సాయంత్రమే కూర్చుని రాసినవి. మొదటి మిరపకాయ: అబద్ధాలకోరు. రెండోది: ఇండియన్‌ను అన్నందుకు సిగ్గుపడు. దానికి నేను లేచి నిలబడ్డాను. ఒక దాసీ జారిపడిన చోట: ఇక్కడ నువ్వు నవ్వేవాడివి. రాణి మందు తాగే చోట: నా మోకాలు మళ్లీ నొస్తోంది, పైకి ఎక్కి బల్బు మార్చలేదు, చీకట్లో చూస్తున్నాను. మాట్లాడనని మూతి బిగించుకుని కూర్చున్న మనిషి రోజూ ఆయన కోసం అక్కడ చోటు ఉంచి మాట్లాడుతూనే ఉంది. ఆయన ముందే చూసేసి వెళ్లిపోయాడు కాబట్టి వినలేదు, అంతే. మాస్టర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నాకూ కళ్లలో నీళ్లొచ్చాయి, అబద్ధమెందుకు.

అప్పట్నుంచి రోజూ మూడింటికి ఒక్క భాగం. రెండో రోజు, మూడో రోజు బాగానే గడిచాయి. నాలుగో రోజుకు నాకు నిద్ర పట్టడం మానేసింది. చివర ఆమె ఏమైనా రాసిందా లేదా? క్షమించిందా? నా తొక్కు సార్థకమైందా? మాస్టర్ మాత్రం వేలు కూడా అటు పోనివ్వడు. పొద్దున్నే ఫ్రిజ్ చూసే నెపంతో మెస్‌కు వెళ్లాను. వంటమాస్టర్ నన్ను చూసి, ఏమీ అడగకుండానే, చేతులు తుడుచుకుని తన ఫోను తీశాడు. ఆయనకూ అదే రోగమన్నమాట. ఇద్దరం ఫ్రిజ్ గదిలో దూరి, తలుపు వేసుకుని, ఆఖరి భాగం ఆఖరి నిమిషం తెరిచాం.

ఉంది. కొత్త మిరపకాయ. వంటమాస్టర్ ఫోనుదీ అదే వార్తల గొంతు: "ఈసారి కూడా ముందుగా వచ్చి దీనిని చూచినట్లయితే, నాతో ఇక మాట్లాడవద్దు. వరుసగా చూసి వచ్చినట్లయితే, ఫోన్ చేయుము. బల్బు ఇంకను మార్చలేదు."

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. చలికి వణుకుతున్నామో భయానికో తెలియలేదు. ఆ తర్వాత మిగిలిన రోజులు మాస్టర్ పక్కన కూర్చోవడం నాకు జైలైంది. ఆయన, ఆమె చివర ఏమంటుందో అని దిగులు పడితే, ఏమో మరి అని తలూపాలి. ఆశగా చూస్తే ఓదార్చాలి. వంటమాస్టరైతే నోరు జారుతుందని నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి కుక్కుకునే ఉండేవాడు, అందులో నా తొక్కు ఎంత పోయిందో.

చివరి రోజు వచ్చింది. రాజు మళ్లీ చచ్చిపోయాడు, ఈసారీ వదినల మధ్యే. పాట అయింది, మిరపకాయ వచ్చింది. మాస్టర్ చదువుకున్నాడు. చదివి, మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. తర్వాత వీడియో కాల్ చేశాడు. ఆమె మొదటి గంటకే ఎత్తింది.

చీకటి గది, టీవీ వెలుగులో ఒక ముఖం. ఆమె ఏదో ఒక మాట అంది, ఆయన ఒక మాట అన్నాడు. తిన్నావా, తిన్నాను అనేనని నాకు ఫోను చెప్పకుండానే తెలిసింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు, ఆపలేదు. మేం లేవబోతుంటే మాస్టర్ మమ్మల్ని ఆపి, ఫోను మా వైపు తిప్పి, సాయం చేసినవాళ్లని చెప్పాడు. నేను తలవంచి దండం పెట్టాను. వంటమాస్టర్ బుగ్గ నిండా ఏదో ఉంది.

ఆమె ముందు వంటమాస్టర్‌ను చూసింది. తర్వాత నన్ను చూసింది, చాలాసేపు; ఆ కళ్లలోకి చూడలేక నేను నేల చూపులు చూశాను. ఆపైన మెల్లగా ఏదో అంది. మాస్టర్ తన డ్యూటీ ఫోను తీసి, తెలుగులో చెప్పమని దాని ముందు పెట్టాడు.

"గౌరవనీయ భారతీయ మిత్రమా," అంది వార్తల గొంతు, "అప్పుడు మీరు చూడలేదని నాకు మొదటినుండీ తెలియును. ఇప్పుడు మాత్రం మీరిద్దరూ ముందే చూసినారు."

మాస్టర్ మా వైపు తిరిగాడు. వంటమాస్టర్ గుటక వేశాడు. నేను లేచి, గోడ దగ్గరికి వెళ్లి, బాగానే ఉన్న ఏసీ మూత విప్పి ఫిల్టరు దులపడం మొదలుపెట్టాను.